డిశ్చార్జి తరువాత ఏమైంది?

(డిసెంబరు 17న పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు ఇచ్చింది. పెన్షను అనేది దయతలచి వేసే భిక్ష కాదని తేల్చిన తీర్పు అది. దాని గురించి అధ్యక్షులవారు ఎలాగూ చెబుతారు. నన్ను మాత్రం కార్యదర్శిగారు ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను డాక్టరును కాను. ముప్పై ఏడేళ్ళు గుమాస్తాగా పనిచేసి 2008లో రిటైరైనవాణ్ణి. డెబ్బై అయిదో ఏడు నడుస్తున్నది. నాకు తెలిసినదల్లా కాగితం, రిజిస్టరు. కనుక కడుపు ఆపరేషన్ల గురించి కూడా రిజిస్టరు వైపు నుంచే చెబుతాను. మందులు, మోతాదులు నా నోట రావు, భయపడకండి.

ముందుగా మిమ్మల్ని రెండు ప్రశ్నలు అడుగుతాను. గాల్ బ్లాడరు, హెర్నియా, అపెండిక్సు, పేగులు, అల్సరు - వీటిలో దేనికైనా కడుపు మీద కోత పడినవాళ్ళు దయచేసి చేతులెత్తండి. (సభలో చాలా చేతులు లేచినవి. - సం.) సంతోషం, అంటే మీకు కోత పడినందుకు కాదు, ఇక్కడ కూర్చుని చెయ్యెత్తగలిగినందుకు. ఇక రెండో ప్రశ్న. ఆపరేషను అయిన నెల రోజులకు గాని, ఏడాదికి గాని, ఆ ఆస్పత్రి నుంచి "ఎలా ఉన్నారండీ?" అని తమంతట తాము అడిగిన కబురు ఎందరికి వచ్చింది? (రెండు చేతులు మాత్రమే లేచినవి. - సం.)

నేను చెప్పదలచుకున్నది ఈ రెండు లెక్కల మధ్య ఉన్న తేడా గురించే.

2016 ఫిబ్రవరిలో మా ఇంటావిడకు గాల్ బ్లాడరులో రాళ్ళని ఆపరేషను జరిగింది. మన ఊళ్ళోనే, ఒక ప్రైవేటు ఆస్పత్రిలో. పేరు అనవసరం. నాలుగు చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరా పంపించి చేసే ఆపరేషను. మూడో రోజున ఇంటికి పంపారు. డిశ్చార్జి కాగితంలో చివరి గడిలో "పరిస్థితి సంతృప్తికరం" అని రాసి ఇచ్చారు. అప్పటికి అది నిజమే. ఆవిడ నడిచి వచ్చి ఆటో ఎక్కింది.

ఆరో రోజు రాత్రి జ్వరం వచ్చింది. కడుపు ఉబ్బరం, కుడివైపు నొప్పి, వాంతులు. ఆస్పత్రికి ఫోను చేస్తే ఎత్తిన మనిషి "ఆపరేషనన్నాక కొంత నొప్పి ఉంటుందండీ, మాత్రలు వేయండి, సోమవారం రండి" అన్నాడు. ఎవరు ఎత్తారో, నర్సో, కౌంటరు కుర్రవాడో, నేను అడగలేదు. అది నా తప్పు. తెల్లవారేసరికి ఆవిడ మంచం మీద ముడుచుకుపోయింది. మా అబ్బాయి తానుండే నగరం నుంచి కారులో వచ్చి నేరుగా అక్కడి పెద్దాస్పత్రికి తీసుకుపోయాడు. అక్కడ స్కాను తీసి, లోపల పిత్తరసం కారుతున్నదన్నారు. గాల్ బ్లాడరును తీసినప్పుడు దాని గొట్టాన్ని క్లిప్పులు పెట్టి మూస్తారు. ఆ మూసినచోటు వదులై కారింది. సన్నని గొట్టం పెట్టి కడుపులోని ద్రవం తీశారు. నోటి గుండా ఎండోస్కోపు పంపి పిత్తనాళంలో స్టెంటు పెట్టారు. పందొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉంది. బతికి బయటపడింది. ఇదిగో, మూడో వరుసలో కూర్చుని నా వంక "ఇవన్నీ ఎందుకు చెబుతారు" అన్నట్లు చూస్తున్నది.

ఆవిడ కోలుకున్న తరువాత బిల్లు కోసం ఒక సర్టిఫికెట్టు కావలసివచ్చి మన ఊరి ఆస్పత్రికి వెళ్ళాను. నిజం చెప్పాలంటే కోపంతోనే వెళ్ళాను. గుమాస్తా బుద్ధి పోదు గదా, అక్కడి సిస్టరు సర్టిఫికెట్టు కోసం ఆపరేషన్ల రిజిస్టరు తెరిస్తే నేనూ తొంగి చూశాను. మా ఆవిడ పేరుకెదురుగా ఫలితం గడిలో ఏముందో తెలుసా? "సంతృప్తికరం". ఆ ఆస్పత్రి లెక్కలో ఆవిడ ఒక విజయం. పందొమ్మిది రోజులు నరకం చూసిన మనిషి విజయాల జాబితాలో ఉంది.

సర్జను దగ్గరకు వెళ్ళి సంగతి చెప్పాను. వయసులో చిన్నవాడు. దబాయిస్తాడనుకున్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "నాకు తెలియదండీ. బాగున్నవాళ్ళు మళ్ళీ రారు, బాగులేనివాళ్ళు వేరేచోటికి పోతారు. ఇద్దరూ రారు గనుక అందరూ బాగున్నారనుకుంటాం" అన్నాడు. రిజిస్టరు తెప్పించి, ఆ గడిలో ఎర్ర సిరాతో, ఏడో రోజున పిత్తరసం లీకు, వేరే ఆస్పత్రిలో స్టెంటు అని రాసి తేదీ వేసి సంతకం చేశాడు. ముప్పై ఏడేళ్ళ సర్వీసులో ఎంతోమంది చేత తప్పు దిద్దించాను గాని, మారుమాట లేకుండా దిద్దినవాణ్ణి మాత్రం అరుదుగా చూశాను. నా కోపం సగం అక్కడే దిగిపోయింది.

మిగతా సగం ఇంటికి వచ్చాక నా మీదకే తిరిగింది. ఎందుకో చెబుతాను.

1994లో నేను కలెక్టరేటు ఎ సెక్షనులో సిబ్బంది మెడికల్ బిల్లులు చూసేవాణ్ణి. మా ఆఫీసు అటెండరు ఒకాయనకు అపెండిక్సు పగిలి ఆపరేషను జరిగింది. రెండు వారాలకు కుట్లు చీముపట్టి, కడుపులో గడ్డ కట్టి, మరో ఆస్పత్రిలో మళ్ళీ కోశారు. ఆయన రెండు బిల్లులు పెట్టాడు. నేను దాని మీద నోటు రాశాను: "ఒకే జబ్బుకు నెల తిరగకుండా రెండు ఆస్పత్రులలో రెండు బిల్లులు ఎట్లు వచ్చినవో సంజాయిషీ కోరవలెను." మొదటి డిశ్చార్జి కాగితంలో పరిస్థితి సంతృప్తికరమని ఉన్నది కదా, మరి రెండోది ఎందుకని నా ప్రశ్న. ఆయన నా టేబులు దగ్గరకు వచ్చి, "బాబుగారూ, సరదాకి రెండుసార్లు కోయించుకుంటానా?" అన్నాడు. కాగితం మీద రాసివ్వమన్నాను. ఫైలు పైకీ కిందికీ తిరిగి డబ్బు చేతికి వచ్చేసరికి ఎనిమిది నెలలు పట్టింది. ఈలోగా ఆయన నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాడు.

నిబంధన ప్రకారం నేను చేసింది తప్పు కాదు. కాని ఆ ఫైలు మొత్తంలో అసలైన సమాచారం ఆ రెండో బిల్లే. మొదటి ఆపరేషను ఫలితం ఏమిటో చెప్పిన ఏకైక కాగితం అది. దాన్ని నేను డబుల్ క్లెయిముగా చూశాను. ఆయన ఈరోజు ఈ సభలోనే ఉన్నారు. ఎనభై దాటినా కర్ర లేకుండా నడిచి వచ్చారు. ఆయన అనుమతి తీసుకునే ఈ మాట చెబుతున్నాను. ఇరవై రెండేళ్ళ తరువాత నా ఇంట్లో జరిగితే గాని నాకు తెలిసిరాలేదు.

ఆ కుర్ర సర్జను ఆరోజున మరో మాట అన్నాడు. "వందేళ్ళ కింద బోస్టనులో ఒక డాక్టరు ఈ సంగతే అడిగి అందరికీ విరోధి అయ్యాడండీ" అని. మా మనవరాలు మెడిసిన్ చదువుతున్నది. ఆమె చేత వివరాలు తెప్పించుకుని చదివాను. ఆ డాక్టరు పేరు ఎర్నెస్ట్ కాడ్మన్. అమెరికాలో మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ సర్జను. ఆయన పట్టుబట్టింది ఒకే ఒక్క విషయానికి. ప్రతి రోగికీ ఒక కార్డు ఉండాలి. దాని మీద జబ్బేమిటి, ఏం చేశాము, ఏం చిక్కు వచ్చింది అని రాయాలి. ఏడాది తరువాత ఆ మనిషిని మళ్ళీ కనుక్కుని ఎలా ఉన్నాడో రాయాలి. బాగులేకపోతే ఎందువల్లో రాయాలి. అంతే.

ఇందులో గొడవేముంది అనిపిస్తుంది. మనబోటివాళ్ళకు ఇట్టే అర్థమయ్యే గొడవ ఉన్నది. ఆ ఆస్పత్రిలో సర్జన్లకు ప్రమోషన్లు సీనియారిటీ ప్రకారం. ఫలితాలు చూసి ఇవ్వాలన్నాడు కాడ్మన్. మనం సీనియారిటీ లిస్టుల కోసం ట్రిబ్యునల్ దాకా వెళ్ళినవాళ్ళం, ఆ మాటకు ఎంత రచ్చ అయి ఉంటుందో ఊహించుకోండి. 1914లో ఆయన ఆ ఆస్పత్రికి రాజీనామా చేశాడు. 1915లో ఒక సభలో, ఇసుకలో తల దూర్చి బంగారు గుడ్లు పెట్టే ఉష్ట్రపక్షి బొమ్మ గీయించి చూపించాడు. సొమ్ములు వస్తున్నంతకాలం ఫలితాలేమిటో చూడదలచుకోనివారి మీద ఎత్తిపొడుపు అది. ఊళ్ళో పెద్దలందరికీ కోపం వచ్చింది. తాను 1911లో పెట్టుకున్న చిన్న ఆస్పత్రిలో మాత్రం ఆయన అన్నమాట చేసి చూపించాడు. 1911 నుంచి 1916 దాకా 337 మంది రోగులు డిశ్చార్జి కాగా, వారి వైద్యంలో 123 పొరపాట్లు జరిగినవని తానే లెక్కకట్టి, తన పేరుతోనే అచ్చువేసి పంచిపెట్టాడు. నైపుణ్యం చాలక జరిగినదేది, నిర్ణయంలో పొరపాటేది, రోగనిర్ణయంలో తప్పేది అని పద్దులవారీగా విడదీశాడు.

తరువాత అమెరికన్ సర్జన్ల కాలేజీ వారు పెద్ద ఆస్పత్రులను తనిఖీ చేయించారు. 692 ఆస్పత్రులు చూస్తే కనీస ప్రమాణాలకు నిలిచినవి 89. ఆ జాబితా బయటికి పొక్కితే పెద్ద పేరున్న ఆస్పత్రుల పరువు పోతుందని 1919లో న్యూయార్కు హోటలులో కొలిమిలో వేసి కాల్చేశారని చరిత్ర. ఎల్.డిస్. ఫైలును కూడా మనం ఏడాది దాకా ఉంచేవాళ్ళం! కాడ్మన్ 1940లో పోయాడు. ఆయన సమాధికి 2014 దాకా పేరు చెక్కిన రాయి లేదు.

సరే, అది పాతకథ. ఇప్పుడు లెక్క ఎలా కడుతున్నారు? నాకు బోధపడినంతలో మూడు సంగతులు చెబుతాను.

మొదటిది, చిక్కుకు మెట్లు వేయడం. "ఆపరేషను తరువాత కొంచెం ఇబ్బందైంది" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. ఒకరికి కొంచెం అంటే వాంతి, మరొకరికి కొంచెం అంటే ఐ.సి.యు. 1992లో ప్రతిపాదించి, 2004లో జ్యూరిక్ వైద్యులు 6,336 మంది రోగుల వివరాలతో సరిచూసి స్థిరపరచిన పద్ధతిని కడుపు సర్జన్లు చాలా దేశాల్లో వాడుతున్నారు. క్లావియన్ - డిండో వర్గీకరణ అంటారు. ఐదు మెట్లు. మామూలు నొప్పిమాత్రలతోనో, మంచం దగ్గరే కుట్టు కాస్త విప్పడంతోనో సర్దుకునేది ఒకటో మెట్టు. యాంటీబయాటిక్కులు, రక్తం ఎక్కించడం వంటివి అవసరమైతే రెండు. మళ్ళీ కోత గాని, ఎండోస్కోపు గాని, సూదితో ద్రవం తీయడం గాని కావలసివస్తే మూడు. ప్రాణాపాయమై ఐ.సి.యు.లో పెడితే నాలుగు. మరణం ఐదు. ఇందులో తెలివి ఏమిటంటే, డాక్టరు అభిప్రాయం మీద ఆధారపడదు. దాన్ని బాగుచేయడానికి ఏం చేయవలసివచ్చింది అన్నదే కొలత. మా ఆవిడది మూడో మెట్టు. 1994 నాటి అటెండరుగారిదీ మూడో మెట్టే. రెండూ "సంతృప్తికరం" కిందనే జమ అయినవి.

రెండోది, రోగి మొదట్లో ఎలా ఉన్నాడో చూడకుండా ఫలితాన్ని తూచకూడదు. మన భాషలో చెబుతాను. తపాలు సీటులో పెండింగు లేదని, భూసేకరణ సీటులో వంద ఫైళ్ళు పెండింగు ఉన్నాయని చూసి, మొదటివాడు సమర్థుడు, రెండోవాడు సోమరి అంటే మనం ఒప్పుకుంటామా? అలాగే ముప్పై ఏళ్ళ కుర్రవాడి అపెండిక్సూ, ఎనభై ఏళ్ళ షుగరు మనిషికి పేగు పగిలి అర్ధరాత్రి చేసిన ఆపరేషనూ ఒకే త్రాసులో పెట్టకూడదు. కష్టమైన కేసులన్నీ చేర్చుకునే పెద్దాస్పత్రిలో మరణాలు ఎక్కువ ఉండవచ్చు, అంతమాత్రాన అది చెడ్డది కాదు. ఇంగ్లండు, వేల్సులలో 2013 చివరి నుంచి అత్యవసర కడుపు ఆపరేషన్లకు జాతీయ స్థాయిలో లెక్క రాస్తున్నారు. ఈ మనిషికి ముప్పు నూటికి ఎంత అని ఆపరేషనుకు ముందే అంచనా వేసి నమోదు చేయాలి. ముప్పు ఎక్కువైతే పెద్ద డాక్టర్లే స్వయంగా ఉండాలి. మొదట్లో 30 రోజులలోపు మరణాలు నూటికి 12కు దగ్గరగా ఉండేవి, తరువాతి ఏళ్ళలో 10 లోపుకు దిగాయి. లెక్క రాయడం ఒక్కటే ప్రాణం కాపాడదు, నిజమే. కాని ఎక్కడ ఆలస్యమవుతున్నదో లెక్కవల్లనే కనిపించింది.

మూడోది నన్ను బాగా ఆశ్చర్యపరచింది. 2009లో అమెరికాలో 84,730 మంది ఆపరేషను రోగుల వివరాలతో ఒక పరిశోధన వచ్చింది. మరణాలు బాగా తక్కువున్న ఆస్పత్రులను, బాగా ఎక్కువున్న ఆస్పత్రులను పోల్చారు. మంచి ఆస్పత్రుల్లో చిక్కులు రావు గావును అనుకుంటాం గదా? అలా కాదట. పెద్ద చిక్కులు రెండుచోట్లా ఇంచుమించు సమానమే, నూటికి 16 ఒకచోట, 18 ఇంకొకచోట. తేడా అంతా తరువాత. చిక్కు వచ్చినవారిలో మంచిచోట నూటికి 12.5 మంది పోతే, రెండోచోట 21.4 మంది పోయారు. అంటే అసలు పరీక్ష కత్తి పట్టిన గంటలో కాదు, ఆ తరువాతి రాత్రుల్లో. చిక్కును ఎవరు, ఎంత త్వరగా కనిపెట్టారు, ఎంత త్వరగా కదిలారు అన్నదాంట్లో. ఇది చదివినప్పుడు నాకు ఆ రాత్రి ఫోనే గుర్తుకొచ్చింది. "మాత్రలు వేయండి, సోమవారం రండి."

మన దేశం మాట కూడా చెప్పాలి. 2022లో వెలువడిన ఒక పరిశోధనలో భారతదేశంతో సహా ఏడు దేశాల్లోని 81 ఆస్పత్రులు, 13,301 మంది రోగులు పాల్గొన్నారు. అన్నీ కడుపు ఆపరేషన్లే. కోత మూసేముందు డాక్టర్లు, సిస్టర్లు గ్లవ్స్ మార్చుకుని, కొత్త పరికరాలు తీసుకుని కుట్లు వేశారు. మామూలు పద్ధతిలో కుట్టు చీముపట్టినవారు నూటికి 18.9, ఇలా మార్చినచోట 16. వినడానికి చిన్న తేడా. వందమందిలో ముగ్గురు. ఆ ముగ్గురిలో ఒకరు మన ఇంటివారైతే చిన్నది కాదు. ఇంకొక సంగతి గమనించండి, ఈ తేడా ఎలా తెలిసింది? 30 రోజుల దాకా రోగులను వదలకుండా కనుక్కోబట్టి. డిశ్చార్జి రోజునే లెక్క మూసేసి ఉంటే, ఇంటికెళ్ళాక చీముపట్టిన కుట్లు ఎవరి పద్దులోనూ పడేవి కావు.

ఇక మన వయసువారికి ముఖ్యమైన మాట ఒకటున్నది. బతికాడా, పోయాడా అన్నది ఒక్కటే ఫలితం కాదు. మళ్ళీ తన కాళ్ళ మీద స్నానాలగదికి వెళ్ళగలుగుతున్నాడా? తిన్నది అరుగుతున్నదా? రాత్రి నిద్ర పడుతున్నదా? ఇవి రోగి చెబితేనే తెలుస్తాయి. ఇంగ్లండులో 2009 నుంచి 2017 దాకా గజ్జల్లో హెర్నియా రోగులను ఆపరేషనుకు ముందు ఒకసారి, కొన్ని నెలల తరువాత ఒకసారి ప్రశ్నాపత్రం ఇచ్చి అడిగారు. మునుపటికన్న ఆరోగ్యం మెరుగైందని తేలినవారు సుమారు సగంమంది. మిగతా అందరికీ ఆపరేషను చెడిందని కాదు, చాలామందికి ముందే పెద్ద బాధ లేదు, ముందు ముందు ప్రమాదం రాకుండా చేయించుకున్నారు. కాని "అందరికీ బ్రహ్మాండం" అన్న మాటకూ, అడిగి రాసిన మాటకూ ఎంత దూరమో చూడండి.

ఇప్పుడు నా సంగతి. 2024 ఆగస్టులో నాకూ హెర్నియా ఆపరేషను అయింది. ఎవరి దగ్గర చేయించుకోవాలన్నది ఇంట్లో పెద్ద చర్చ. నేను ఆ ఎర్ర సిరా సర్జను దగ్గరకే పోతానన్నాను. మా అబ్బాయి మండిపడ్డాడు. "అమ్మకు అంత చేసినవాడి దగ్గరికా?" అన్నాడు. వాడి బాధ న్యాయమే. ఆ రాత్రి కారు నడిపింది వాడు. నేను వాదించలేదు. ముందు వెళ్ళి ఐదు ప్రశ్నలు అడిగివస్తాను, జవాబులు విని నువ్వే చెప్పు అన్నాను. కాగితం మీద రాసుకుని వెళ్ళాను.

ఒకటి, ఈ ఆపరేషను చేయించుకోకపోతే ఏమవుతుంది? (బాధ తక్కువైతే గమనిస్తూ ఉండటం కూడా ఒక మార్గమేనని, నాకు నొప్పి పెరుగుతున్నది గనుక చేయించుకోవడం మేలని చెప్పాడు.) రెండు, నా వయసుకు, నా బి.పి.కి, నా గుండెకు ముప్పు ఎంత? మూడు, మీరు ఇలాంటివి ఎన్ని చేశారు, నెలలోపు తిరిగి చేరినవారు ఎందరు, ఆ సంగతి మీకు ఎలా తెలుసు? నాలుగు, ఇంటికెళ్ళాక ఏ లక్షణం కనిపిస్తే ఫోను చేయాలి, అర్ధరాత్రి ఆ ఫోను ఎవరు ఎత్తుతారు? ఐదు, మామూలు పనులు ఎప్పటికి చేసుకోగలను, ఏడాది తరువాత నన్ను చూసేదెవరు?

మూడో ప్రశ్నకు ఆయన సొరుగులోంచి పొడుగాటి నోటుబుక్కు తీశాడు. 2016లో మొదలుపెట్టాడట. ప్రతి రోగికీ 30 రోజులకు ఒక ఫోను, ఏడాదికి ఒక ఫోను. "మూడోవంతు మంది దొరకరండీ, నంబర్లు మారిపోతాయి. దొరికినవారి లెక్కే ఇది" అని చూపించాడు. తిరిగి చేరినవారి పేర్లకెదురుగా ఎర్ర సిరా. నూటికి నూరు మంది సక్సెస్ అని బోర్డు కట్టినవారికన్న, మూడోవంతు మంది సంగతి తెలియదని ఒప్పుకున్న ఈయన లెక్క నాకు నమ్మకం కలిగించింది. నాలుగో ప్రశ్నకు డ్యూటీ డాక్టరు నంబరు కాగితం మీద అచ్చువేసి ఇచ్చాడు. అబ్బాయికి అన్నీ చెప్పాను. వాడు చాలాసేపు ఆలోచించి సరే అన్నాడు. మా ఆవిడ మాత్రం ఒక్కటే మాట అంది: "నా కడుపు మీద నేర్చుకున్నాడు, మీకు పనికొస్తుందిలెండి."

ముప్పయ్యో రోజున ఆయన ఫోను రాకముందే నేను ఒక కార్డు రాసి పంపాను. కుట్టు మానినది, జ్వరం లేదు, బాసింపట్టు వేసి కూర్చుంటే లోపల పట్టేసినట్లున్నది, గజ్జల కింద అరచేయంత మేర మొద్దుబారినది అని. ఏడాదికి మరో కార్డు రాశాను. పట్టేయడం పోయింది, మొద్దుబారినచోటు మాత్రం కొంత అలాగే ఉన్నది. ఇదే నా ఫలితం. బ్రహ్మాండమూ కాదు, చెడ్డదీ కాదు. ఉన్నది ఉన్నట్లు.

మిత్రులారా, మన ఆఫీసుల్లో కాల్ బుక్కు అని ఒకటుండేది, పాతవారికి గుర్తుండే ఉంటుంది. కొన్ని నెలలపాటు మనం చేయవలసిన పని లేని ఫైలును పర్సనల్ రిజిస్టరులోంచి తీసి కాల్ బుక్కులో ఎక్కించి, మళ్ళీ ఏ తేదీన తీయాలో రాసుకునేవాళ్ళం. ఫైలు మూసినట్లు కాదు, మరచిపోకుండా పక్కన పెట్టినట్లు. ఆపరేషను అయిన రోగి ఫైలు ఎల్.డిస్. కాదు, కాల్ బుక్కులో ఉండవలసిన ఫైలు. ఆస్పత్రులన్నీ పెట్టేదాకా మనం ఆగనక్కరలేదు. మన సంఘంలోనే ఒక కాల్ బుక్కు పెడదామని కార్యవర్గానికి నా విన్నపం. ఆపరేషను చేయించుకున్న సభ్యుడు, లేక వారి ఇంటివారు, తేదీ మాత్రం చెబితే చాలు. ఆరో రోజున ఒకసారి, ముప్పయ్యో రోజున ఒకసారి, ఏడాదికి ఒకసారి మనలో ఒకరు ఫోను చేస్తారు. జ్వరముందా, మళ్ళీ ఆస్పత్రిలో చేరవలసివచ్చిందా, మీ పనులు మీరు చేసుకుంటున్నారా - మూడే ప్రశ్నలు. జవాబును ఆ సభ్యుడే తన సర్జనుకు కార్డు మీద రాసి పంపాలి. రెండో ఆస్పత్రికి పోయినా సరే, మొదటి డాక్టరుకు తప్పక రాయాలి. తగాదా కోసం కాదు, ఆయన లెక్క సరిపడటం కోసం.

ఒక హెచ్చరిక. ఈ పుస్తకం చూసి ఫలానా ఆస్పత్రి మంచిది, ఫలానాది చెడ్డది అని తీర్పులు చెప్పకూడదు. పదిమంది లెక్కతో అలాంటి తీర్పు నిలవదు. భూసేకరణ సీటు మాట మరువకండి.

కుటుంబ సభ్యులకు చివరి మాట. ఆపరేషను అయి ఇంటికి వచ్చిన మనిషికి జ్వరం వచ్చినా, నొప్పి రోజురోజుకూ తగ్గకుండా పెరిగినా, కడుపు ఉబ్బి వాంతులైనా, గాలి కూడా పోకుండా బిగిసినా, కళ్ళు పచ్చబడినా, కుట్టు ఎర్రబడి చీము కారినా, కాలి పిక్క వాచినా, ఆయాసం వచ్చినా సోమవారం దాకా ఆగవద్దు. ఆపరేషను చేసిన డాక్టరుతోనే మాట్లాడించమని పట్టుబట్టండి. ఫోను ఎత్తినవారి పేరు అడిగి రాసుకోండి. అందుబాటులో లేకపోతే దగ్గరున్న అత్యవసర విభాగానికి వెళ్ళండి, డిశ్చార్జి కాగితం వెంట తీసుకుపోండి.

కార్యదర్శిగారు ఈ పాటికే ఒక కొత్త రూళ్ళపుస్తకం తెప్పించి బల్ల మీద పెట్టారు. మొదటి పద్దు నాది రాయండి, నా తేదీలు ముగిసినా సరే, నమూనాగా ఉంటుంది. రెండో పద్దు కోసం వచ్చే నెలలో గాల్ బ్లాడరు ఆపరేషనుకు వెళుతున్న సభ్యురాలు ఒకరు సభలో ఉన్నారు. ఆమెకు ఆరో రోజు ఫోను చేసే బాధ్యత ఎవరు తీసుకుంటారని అడిగితే, నేను ముప్పై ఏళ్ళ కింద సంజాయిషీ అడిగిన అటెండరుగారు, "నేను చేస్తాను బాబుగారూ" అని ముందుగా చెయ్యెత్తారు. ఆయనకు అందరి ఎదుటా నమస్కరించి సెలవు తీసుకుంటున్నాను.